అన్నం మానేశాడు సరే... నెయ్యి సంగతేమిటి?

తెర మీద హీరో చొక్కా విప్పుతాడు. హాల్లో ఈలలు! కాగితం ముక్కలు గాల్లోకి లేస్తాయి. ముందు వరసలో కూర్చున్న కుర్రాడు ఒకసారి తెర వంక చూస్తాడు, మరొకసారి తన పొట్ట వంక చూసుకుంటాడు. మర్నాడు పొద్దున్నే ఇంట్లో ప్రకటిస్తాడు - "అమ్మా, ఇవాళ్టి నుంచి నాకు అన్నం పెట్టొద్దు!"

ఒకప్పుడు ఈ బెడద లేదు. 'మాయాబజార్' వచ్చిన 1957లో ఎస్వీ రంగారావు గారు అంత నిండుగా వుండబట్టే ఘటోత్కచుడు మనకు దేవుడైపోయాడు. రేలంగి గారి బొజ్జని చూసి ఎవరూ డైటింగ్ చెయ్యమనలేదు. హీరోల దగ్గర్నుంచి కుర్రకారు నేర్చుకున్నదల్లా క్రాపూ, బెల్ బాటమ్ ప్యాంటూ, మెడలో రుమాలూ. అవి కుదరకపోతే పోయేది దర్జీకిచ్చిన డబ్బులే!

2007 వచ్చేసరికి కథ మారింది. ఆ ఏడాది 'దేశముదురు'లో అల్లు అర్జున్ కండలు చూపించాడు. అదే ఏడాది 'యమదొంగ'లో జూనియర్ ఎన్టీఆర్ సగం మనిషై కనిపించేసరికి జనం నోళ్ళు తెరిచారు. 2012లో 'పూల రంగడు' కోసం మన కమెడియన్ సునీల్ కూడా సిక్స్ ప్యాక్ చేశాడు. ఇక ఆగుతారా? కమెడియనే చేయగా లేనిది మనమెందుకు చెయ్యలేం అనుకున్నారు కుర్రాళ్ళంతా. ఫ్యాషన్ ఒంటి మీద బట్టల్లోంచి ఒంట్లోకే దిగిపోయింది.

అక్కడే నాకు భయం. బట్ట చిరిగితే కుట్టుకోవచ్చు. ఒళ్ళు చిరిగితే?

మధిరకు వచ్చిన నూనె తుఫాను

మాది మధిర. వైరా ఏటి పక్కన వూరు. విజయవాడ, కాజీపేట రైలు మార్గంలో, తెలంగాణ అంచున వుంటుంది. రైలెక్కితే ఇటు ఖమ్మం, అటు విజయవాడ. అందుకే మా వూరికి ఏ కొత్త మోజైనా రెండు వైపుల నుంచీ వచ్చేస్తుంది. సినిమా అయినా, చీర అయినా, వైద్యమైనా సరే.

తెలుగువాడికి తిండి నేర్పిన గురువులకు కొదవ లేదు కదా! ముందు మంతెన సత్యనారాయణ రాజు గారు వచ్చారు. ఉప్పు వద్దు, నూనె వద్దు అన్నారు. మా వీధిలో సగం ఇళ్ళలో పోపు ఆగిపోయింది. తర్వాత 2017, 2018 ప్రాంతాల్లో వీరమాచనేని రామకృష్ణ గారు వచ్చారు. అన్నం, గోధుమ, చక్కెర అన్నీ మానేసి రోజుకు 70 నుంచి 100 గ్రాముల నూనె తాగమన్నారు! దానికి తోడు మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, రెండు మల్టీ విటమిన్ బిళ్ళలు. సభలు పెడితే జనం తిరునాళ్ళలా వచ్చారు. డాక్టర్లు చాలామంది ఇదేం పద్ధతని టీవీల్లో కేకలేశారు. ఇంచుమించు అదే రోజుల్లో ఖాదర్ వలీ గారు కొర్రలూ సామలూ తినమన్నారు. ఒకే ఇంట్లో తాతయ్య నూనె లేని కూర, కొడుకు గ్లాసుడు నూనె, కోడలు కొర్రన్నం! వంట చేసే ఇల్లాలి గతి ఏమిటో ఆలోచించండి.

అన్నట్టు, మన వాళ్ళకు అన్నిటికన్నా పెద్ద దెబ్బ కొబ్బరినూనె. కేరళ వాళ్ళకు అది వంటనూనె. మనకు తలకు రాసుకునేది! "పొద్దున్నే జుట్టుకు రాసుకునేదాన్ని నోట్లో పోసుకోవడమేంట్రా" అని మా వీధిలో ఒక మామ్మ గారు ఎంత గొడవ చేశారో.

ఆ తుఫాను తర్వాత తగ్గింది. మాట మాత్రం మిగిలింది. కీటో అనండి, కార్బ్ సున్నా అనండి, లో కార్బ్ అనండి... ఇప్పుడు జిమ్‌కు వెళ్ళే ప్రతి కుర్రాడి నోట్లోనూ అదే. అయితే మాట మిగిలినంతగా లెక్క మిగల్లేదు. అన్నం మానెయ్యాలన్న సగం అందరికీ గుర్తుంది. కొవ్వు తినాలన్న రెండో సగం అందరూ మర్చిపోయారు. ఈ వ్యాసమంతా ఆ రెండో సగం గురించే.

మా పిన్ని కొడుకు కథ

మా పిన్ని కొడుక్కి 24 ఏళ్ళు. ఫోన్ల షాపు నడుపుతాడు. మనిషి బొద్దే గానీ మరీ లావేం కాదు. రెండు షార్టు ఫిల్ముల్లో హీరో ఫ్రెండు వేషం వేశాడు. ఒకసారి హైదరాబాదులో ఆడిషన్‌కి వెళితే, "మొహం బావుంది తమ్ముడూ, పది కిలోలు తగ్గి రా" అన్నారట. అంతే! వాడికి ఆ మాట వేదమైపోయింది.

నేను దసరాకు వూరు వెళ్ళేసరికి వాడి తపస్సు తొమ్మిదో రోజు. మొహం పీక్కుపోయి వుంది. కళ్ళు లోపలికి పోయాయి. రెండు రోజుల క్రితం రైల్వే స్టేషన్ మెట్ల మీద కళ్ళు తిరిగి కూలబడ్డాడట. ఎవరో సోడా పట్టిస్తే లేచాడట.

"ఏందిరా ఇది? ఏం తింటున్నావ్?" అన్నాను.

"కీటో అన్నయ్యా! కార్బ్ సున్నా. నాలుగు కిలోలు తగ్గినా!" అన్నాడు గొప్పగా. నీరసంలో కూడా వాడి గొంతులో విజయం వుంది చూడండి, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

వాడి జాబితా ఇదీ. రోజుకు అరకిలో చికెన్. అదీ స్కిన్‌లెస్, ఒట్టి బ్రెస్టు ముక్కలు, నూనె లేకుండా వుడకబెట్టి. ఆరు గుడ్లు. అందులో పచ్చసొన తీసి పిల్లికి! దోసకాయ ముక్కలు రెండు. ఉప్పు చాలా తక్కువ. నాలుగు వీడియోలు చూసి, నాలుగింటిలోనూ తనకు నచ్చిన ముక్కలు ఏరుకుని, తనే కుట్టుకున్న డైటు అది. ఏ గురువు గారు చెప్పిందీ కాదు.

కాగితం తీసుకుని లెక్క వేశాను. మీరూ చూడండి. అరకిలో తోలు లేని చికెన్ బ్రెస్టులో ప్రొటీన్ సుమారు 110 గ్రాములు, కొవ్వు 13 గ్రాములు, కేలరీలు 600. ఆరు తెల్లసొనల్లో ఇంకో 100 కేలరీలు, కొవ్వు సున్నా. మొత్తం కలిపితే 700 కేలరీలు! పగలంతా షాపులో నిలబడి, సాయంత్రం జిమ్‌లో బరువులెత్తే కుర్రాడికి కావలసింది 2000 పైమాటే. అంటే వాడు చేస్తున్నది కీటో కాదు. సగానికి పైగా ఉపవాసం!

"కొవ్వు తింటే కొవ్వెక్కుతుంది కదన్నయ్యా?" అన్నాడు వాడు అమాయకంగా.

తప్పు వాడిది కాదు. మన భాషలోనే వుంది ఆ భయం. ఎవడైనా ఎగిరిపడితే "ఒళ్ళు కొవ్వెక్కిందా" అంటాం. కొవ్వంటే మనకు పొగరు, జబ్బు, గుండెపోటు. అలాంటి కొవ్వుని కావాలని తినమంటే ఎవరికి మనసొస్తుంది? అందుకే వాళ్ళు అన్నం మానేస్తారు, కొవ్వూ మానేస్తారు. ఇక మిగిలేదేమిటి? ఒట్టి ప్రొటీను. దాని మీద మనిషి బతకలేడు. ఇది నా మాట కాదు, దాదాపు వందేళ్ళ కిందట న్యూయార్కులో తేలిన సంగతి.

కుందేలు మాంసం కథ

విల్‌యాల్మర్ స్టెఫాన్సన్ అని ఒక సాహసి వుండేవాడు. పుట్టింది కెనడాలో. ఉత్తర ధ్రువం వైపు మంచులో ఎస్కిమోల మధ్య ఏళ్ళ తరబడి తిరిగాడు. అక్కడ గింజ పండదు, కూర దొరకదు. వాళ్ళు తినేది మాంసం, చేపలు. ఆయనా అదే తిన్నాడు, దుక్కలా వున్నాడు. తిరిగొచ్చి చెబితే డాక్టర్లు నమ్మలేదు. "సరే, నన్నే పరీక్షించండి" అన్నాడాయన!

1928లో న్యూయార్కులోని బెల్వ్యూ ఆసుపత్రిలో ఆ పరీక్ష మొదలైంది. ఆయనా, ఆయన స్నేహితుడు కార్‌స్టెన్ ఆండర్సన్ కలిసి ఏడాది పాటు మాంసం తప్ప మరేదీ తినకుండా వుండాలి. ఇప్పుడు అసలు మలుపు వినండి. మొదట్లో డాక్టర్ల కోరిక మీద స్టెఫాన్సన్ కొవ్వు తీసేసిన ఒట్టి ఎర్ర మాంసమే తిన్నాడు. మూడో రోజుకల్లా వికారం, విరోచనాలు, నీరసం! వెంటనే కొవ్వు మాంసం పెట్టారు. రెండు రోజుల్లో తేరుకున్నాడు. ఆ తర్వాత ఏడాదంతా ఇద్దరూ బాగానే వున్నారు. వాళ్ళకు అందిన శక్తిలో నాలుగింట మూడొంతుల పైన కొవ్వు నుంచే వచ్చింది. 1930లో డాక్టర్లు ఆ వివరాలన్నీ అచ్చు వేశారు.

ఒట్టి మాంసం తిని జబ్బు పడటానికి ఆ ఉత్తరాది అడవుల్లో ఒక పేరే వుంది - కుందేలు ఆకలి! కుందేలు మాంసంలో కొవ్వు బాగా తక్కువ. చలికాలంలో కుందేళ్ళు తప్ప ఏమీ దొరకనప్పుడు కడుపు పగిలేలా తిన్నా ఆకలి తీరదట. తిన్నకొద్దీ నీరసమట. కారణం ఏమిటంటే, ప్రొటీన్‌ని శక్తిగా మార్చేటప్పుడు మిగిలే నత్రజనిని కాలేయం యూరియాగా మార్చి బయటకు పంపాలి. ఆ పనికి ఒక హద్దు వుంది. హద్దు దాటితే కాలేయం చేతులెత్తేస్తుంది.

మా వాడు తింటున్నది కోడిదే అయినా, పడింది మాత్రం కుందేలు ఆకలిలోనే!

నాలుగు కిలోలు ఎక్కడికి పోయాయి?

మరి నాలుగు కిలోలు తగ్గాడు కదా అంటారా? అందులో సగం పైన నీళ్ళే. మనం తిన్న పిండి పదార్థం కొంత గ్లైకోజెన్ అనే రూపంలో కండల్లోనూ, కాలేయంలోనూ నిల్వ వుంటుంది. ఒక గ్రాము గ్లైకోజెన్ తనతో మూడు గ్రాముల నీటిని పట్టుకుని వుంటుంది. అన్నం మానేసిన మూడు నాలుగు రోజుల్లో ఆ నిల్వ అడుగంటుతుంది, నీళ్ళు ఒంట్లోంచి వెళ్ళిపోతాయి. మిషన్ మీద ముల్లు పడిపోతుంది. మనం గెంతులేస్తాం! రెండు రోజులు అన్నం తింటే అదే ముల్లు మళ్ళీ పైకొస్తుంది.

ఆ నీళ్ళతో పాటు ఉప్పు కూడా పోతుంది. పిండి పదార్థం తగ్గితే ఇన్సులిన్ తగ్గుతుంది. ఇన్సులిన్ తగ్గితే కిడ్నీలు ఉప్పుని ఎక్కువగా వదిలేస్తాయి. అందుకే మొదటి వారం తలనొప్పి, పిక్కలు పట్టెయ్యడం, లేవగానే కళ్ళు తిరగడం. దీన్ని కీటో ఫ్లూ అంటున్నారు. మా వాడు ఆ సమయంలోనే ఉప్పు కూడా తగ్గించాడు, నాలుగు లీటర్ల నీళ్ళు తాగాడు. స్టేషన్ మెట్ల మీద కూలబడక ఏం చేస్తాడు? బీపీ లేని కుర్రాళ్ళు ఇలాంటప్పుడు ఉప్పు వేసిన ఎముకల చారు రెండు పూటలా తాగితే చాలావరకు సర్దుకుంటుంది. మేకకాళ్ళ పాయా మన దగ్గర వున్నదే కదా!

కొవ్వు ఎక్కడ దొరుకుతుంది స్వామీ?

ఇక అసలు పనిలోకి వద్దాం. పిండి పదార్థంలో గ్రాముకు 4 కేలరీలు. ప్రొటీన్‌కూ నాలుగే. కొవ్వుకు 9! అన్నం తీసేసినప్పుడు పోయిన శక్తిని కొవ్వుతో పూడ్చాలి. కీటో అంటే రోజుకు 20 నుంచి 50 గ్రాముల లోపు పిండి పదార్థం, శక్తిలో 70 శాతం పైన కొవ్వు. ఒక కప్పు అన్నంలోనే 45 గ్రాముల పిండి పదార్థం వుంటుందని గుర్తుంచుకోండి. కార్బ్ సున్నా అంటే ఇంకా కఠినం. మాంసం, చేపలు, గుడ్లు, నెయ్యి. అంతే. పాలల్లో కూడా చక్కెర వుంటుంది కాబట్టి అవీ లేవు.

పప్పు తింటున్నాం కదా, అది ప్రొటీనే కదా అంటారు మా వూళ్ళో. కందిపప్పు 100 గ్రాముల్లో 60 గ్రాములు పిండి పదార్థమే! పాపం, ఈ సంగతి తెలిసినప్పుడు మా పిన్ని మొహం చూడాలి.

మా వాడి జాబితాని ఎలా తిరగరాశామో చెబుతాను. ఆరు గుడ్లు పచ్చసొనతో సహా. అందులో కొవ్వు 30 గ్రాములు. చికెన్ పావుకిలో చాలు, కానీ తోలుతో వున్న లెగ్ పీసులు. అందులో 40 గ్రాములు. పనీర్ 100 గ్రాములు. అందులో ఇంకో 20. ఇవన్నీ వేయించడానికి, పైన వేసుకోవడానికి రోజు మొత్తంలో ఐదు పెద్ద చెంచాల నెయ్యి. చెంచాకు 14 గ్రాముల చొప్పున 70. కూడితే 160 గ్రాముల కొవ్వు, 95 గ్రాముల ప్రొటీను, 1900 కేలరీలు. ఇవి కాక గోంగూర, తోటకూర, బీరకాయ లాంటివి కొంచెం. తిండి బరువు పెద్దగా మారలేదు, శక్తి మాత్రం రెండున్నర రెట్లు పెరిగింది. చూశారా చిత్రం!

గ్లాసులో నూనె పోసుకుని ముక్కు మూసుకుని తాగాల్సిన పని లేదు. ఒక్కసారిగా ఎక్కువ నూనె తాగితే కడుపు తిరగబడుతుంది. వంటలోనే కలపాలి. వెన్న, మీగడ, నెయ్యి, గానుగ పట్టిన నువ్వులనూనె, వేట మాంసంలో కొవ్వు ముక్క, పచ్చికొబ్బరి... ఇవన్నీ మన వంటింటివే. బజ్జీల బాణలిలో పదిసార్లు మరిగిన నూనె మాత్రం ఈ లెక్కలోకి రాదు. తినేది కూడా వారం రోజుల్లో మెల్లగా పెంచాలి. పిత్తాశయంలో రాళ్ళున్న వాళ్ళయితే అసలు మొదలుపెట్టకూడదు.

ఒకటి గమనించండి. బాగా లావుగా వున్న మనిషికి ఒంట్లో నిల్వ వున్న కొవ్వే కొంత ఇంధనమవుతుంది. కాబట్టి ఆకలి వేసినంతే తింటే చాలు, నెయ్యి బలవంతంగా మింగనక్కర్లేదు. సన్నటి కుర్రాడికి ఆ నిల్వ వుండదు. వాడు పైనుంచే తినాలి. ఒకరి జాబితా మరొకరికి పనికిరాకపోవడం ఇందుకే.

మా వైపు అడవిలో వాళ్ళకి కొవ్వు విలువ ఎప్పుడో తెలుసు. 2016లో జిల్లాలు విడిపోకముందు మధిర, భద్రాచలం రెండూ ఒకే ఖమ్మం జిల్లా. భద్రాచలం అడవుల్లో కోయవాళ్ళు ఇప్పగింజల నుంచి నూనె తీస్తారు. చలికాలంలో అది నెయ్యిలా పేరుకుంటుంది. వంటకూ అదే, దీపానికీ అదే. ఇప్పపూవులో తీపి, గింజలో కొవ్వు! ఒకే చెట్టు రెండిటినీ ఇస్తుంది. వాళ్ళు రెండిటినీ వాడుకున్నారు. ఒకదానికి హారతి పట్టి మరొకదాన్ని తిట్టడం మన పట్నాల అలవాటు.

పిన్ని గండం

ఇంతవరకు నవ్వుకున్నాం. ఇక నవ్వలేని సంగతి.

కొడుకు ఒక్కడే కష్టపడుతున్నాడని, నేనూ సన్నబడతానని పిన్ని కూడా అన్నం మానేసింది. ఆమెకు ఎనిమిదేళ్ళుగా షుగరు. రోజూ పొద్దున్నే బిళ్ళ వేసుకుంటుంది. అన్నం మానేసింది గానీ బిళ్ళ మానలేదు. ఎవరికీ చెప్పనూ లేదు!

నేను వెళ్ళిన రెండో రోజు ఉదయం పది గంటలు. వంటింట్లో గిన్నె పడిన చప్పుడు. వెళ్ళి చూస్తే పిన్ని గోడకు జారగిలపడి వుంది. ఒళ్ళంతా చెమటలు. చేతులు వణుకుతున్నాయి. "పిన్నీ!" అంటే ఏదో పొంతన లేని మాట అంటోంది. ఇంట్లో మిషన్ వుంది. వేలు గుచ్చి చూస్తే షుగరు 52! 70 కంటే తగ్గితేనే ప్రమాదం. వెంటనే చక్కెర నీళ్ళు పట్టించాం. పావుగంటకు మనిషైంది. "ఏమైంది నాయనా నాకు?" అని అడిగింది. మా వాడు అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు.

ఆ సాయంత్రమే ఖమ్మం తీసుకెళ్ళి డాక్టరుకి చూపించాం. ఆయన చెప్పింది మీరు కత్తిరించి ఇంట్లో అంటించుకోండి. కొన్ని షుగర్ బిళ్ళలు, ఉదాహరణకు గ్లిమిపిరైడ్ లాంటివి, తిండి తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని పిండుతూనే వుంటాయి. పిండి పదార్థం తీసేస్తే షుగరు పాతాళానికి పోతుంది. ఇన్సులిన్ ఇంజెక్షన్ వేసుకునే వాళ్ళకీ అదే ప్రమాదం. ఇంకో రకం బిళ్ళలు వున్నాయి, పేరు చివర గ్లిఫ్లోజిన్ అని వుంటుంది. అవి వేసుకుంటూ కీటో చేస్తే షుగరు మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదకు రావచ్చు. బీపీ బిళ్ళల మోతాదు కూడా మార్చాల్సి రావచ్చు. కాబట్టి మందులు వాడేవాళ్ళు ముందు డాక్టరు దగ్గరకు, తర్వాతే వంటింట్లోకి! గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు వున్నవాళ్ళు, చిన్నప్పుడే షుగరు వచ్చి ఇన్సులిన్ మీద వున్నవాళ్ళు దీని జోలికి సొంతంగా వెళ్ళనే కూడదు.

ఇది మందుగా పుట్టిన తిండి

చాలామందికి తెలియనిది ఏమిటంటే, కీటో పుట్టింది సన్నబడటానికి కాదు. మూర్ఛ రోగానికి! 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రసెల్ వైల్డర్ అనే డాక్టరు ఈ తిండికి ఆ పేరు పెట్టాడు. మందులకు లొంగని మూర్ఛ వున్న పిల్లలకు ఇది పనిచేసింది. కొత్త మాత్రలు వచ్చాక జనం దీన్ని మర్చిపోయారు.

దీన్ని మళ్ళీ లోకానికి గుర్తుచేసింది ఎవరో తెలుసా? ఒక సినిమా డైరెక్టరు! 1980లో 'ఎయిర్‌ప్లేన్' అనే హాస్య చిత్రంతో ప్రపంచాన్ని నవ్వించిన ముగ్గురు దర్శకుల్లో ఒకడు జిమ్ అబ్రహామ్స్. 1993లో ఆయన పసివాడు చార్లీకి మూర్ఛ మొదలైంది. మందులు, ఆపరేషన్... ఏదీ పనిచెయ్యలేదు. తండ్రి తనే పుస్తకాలు తిరగేసి ఈ తిండి గురించి తెలుసుకున్నాడు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో మొదలుపెడితే కొద్ది రోజుల్లోనే మూర్ఛలు ఆగాయి! ఆ తండ్రి వూరుకోలేదు. 1994లో కొడుకు పేరున సంస్థ పెట్టాడు. 1997లో మెరిల్ స్ట్రీప్‌ని తల్లి పాత్రలో పెట్టి 'ఫస్ట్ డూ నో హార్మ్' అనే టీవీ చిత్రం తీశాడు. నవ్వించేవాడు ఏడిపించాడు. 2024లో ఆయన కన్నుమూశారు.

ఆ పిల్లలకు తిండి ఎలా పెడతారో వింటే ఆశ్చర్యపోతారు. ప్రతి ముద్దా గ్రాముల్లో తూచి పెడతారు. నాలుగు పాళ్ళు కొవ్వుకు ఒక పాలు మిగతావి. పక్కన డాక్టరు, డైటీషియన్, రక్త పరీక్షలు. అంత చేసినా కొందరు పిల్లలకు కిడ్నీలో రాళ్ళు రావడం చూశారు. అంతటి పదునైన మందుని మనవాళ్ళు నాలుగు వీడియోలు చూసి మొదలుపెడుతున్నారు!

హీరోల వెనక ఎవరుంటారు?

తెర మీద కనిపించేది ఒక్క మనిషే. వెనక వంటవాడు, ట్రైనరు, డాక్టరు, లైటింగు. ఆ ఒళ్ళు కూడా ఆ షెడ్యూలు వరకే. 2015లో 'సైజ్ జీరో' కోసం అనుష్క 20 కిలోల దాకా పెరిగారని అప్పట్లో చెప్పుకున్నారు. బరువు తగ్గిస్తామని మోసం చేసే క్లినిక్‌ల మీద తీసిన చిత్రమది. విచిత్రం చూడండి, అదే ఏడాది జూన్‌లో, 'నువ్వు నాకు నచ్చావ్'లో మనందరికీ నచ్చిన ఆర్తీ అగర్వాల్ అమెరికాలో కన్నుమూసింది. ఒంట్లో కొవ్వు తీయించుకునే ఆపరేషన్ జరిగిన కొన్ని వారాలకే. వయసు 31. 2020 అక్టోబరులో హిందీ, బెంగాలీ నటి మిష్టీ ముఖర్జీ కిడ్నీలు పాడై చనిపోయింది. కీటో డైటే కారణమని ఆమె తరఫువాళ్ళు ప్రకటించారు. ఆ ఒక్క ప్రకటన చూసి కీటో చేసిన ప్రతివాడి కిడ్నీలూ పోతాయని తీర్మానించకూడదు. కానీ మొదలుపెట్టే ముందు ఒక రక్త పరీక్ష చేయించుకోవడానికి అది చాలని కారణమా?

ఇంత కష్టపడితే ఫలితం ఏమైనా వుందా అంటారు. 2018లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 609 మందిని రెండు జట్లుగా చేసి ఏడాది పాటు చూశారు. ఒక జట్టు కొవ్వు తగ్గించింది, ఇంకో జట్టు పిండి పదార్థం తగ్గించింది. ఏడాది చివర మొదటి జట్టు సగటున 5.3 కిలోలు తగ్గింది. రెండోది 6 కిలోలు. చెప్పుకోదగ్గ తేడా లేదన్నమాట! అంటే అన్నం శత్రువూ కాదు, నెయ్యి దేవుడూ కాదు. ఏ దారిలో ఎక్కువకాలం నడవగలిగితే అదే మీ దారి.

మా వాడు సరిగ్గా తింటూ మూడు నెలలు చేశాడు. ఏడు కిలోలు తగ్గాడు. మధ్యలో రక్త పరీక్ష చేయిస్తే చెడ్డ కొలెస్టరాల్ పెరిగింది. కొందరికి అలా జరుగుతుందని డాక్టరు చెప్పి, మెల్లగా మామూలు తిండికి మళ్ళించారు. ఇప్పుడు మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, ఆకుకూర, గుడ్లు, పొద్దున్నే పరుగు. పిన్నికి డాక్టరు గారే బిళ్ళ మోతాదు మార్చి, ఎంత అన్నం తినాలో చెప్పారు. ఆమె ఇప్పుడు ప్రతివారం మిషన్‌లో అంకె చూసి పుస్తకంలో రాసుకుంటుంది.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! హీరోని చూసి ఈల వెయ్యండి, ఎవరూ కాదనరు. ఒళ్ళు తగ్గించుకోండి, మంచిదే. కానీ అన్నం పళ్ళెం పక్కకు నెట్టే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. నేను తీసేసిన శక్తిని దేనితో పూడుస్తున్నాను? నేను వేసుకునే మందు సంగతి డాక్టరుకి చెప్పానా? నన్ను చూసి ఇంట్లో ఇంకెవరైనా మొదలుపెట్టారా? మూడింటికీ జవాబు దొరికిన రోజున మొదలుపెట్టండి. దొరక్కపోతే, ఆ పళ్ళెం మళ్ళీ దగ్గరకు లాక్కోండి. వేడి అన్నంలో ఒక చెంచా నెయ్యి వేసుకుని తిన్నవాళ్ళు కూడా హీరోలైన దేశమే మనది!